పంటి తొడుగులు – వాని శుభ్రత

వంకర పలువరుసను సరిచేయుటకై పండ్లపై తొడిగెడు పలుచని ప్లాస్టిక్కు తొడుగులు కొన్ని యేండ్లనుండి మన సీమకును వచ్చినవి. సంగారెడ్డిలోను, పటాన్‌చెరులోను, రామచంద్రపురములోను పాఠశాలలకు బోవు బాలబాలికలు కొందఱును, కర్మాగారములలో క్రొత్తగా బనికి జేరిన యువకులు కొందఱును వీనిని ధరించుచున్నారు. దంతవైద్యులు వీనిని అలైనర్లందురు. మేమీ వ్యాసమునందు వీనిని పంటి తొడుగులనియే పేర్కొందుము. గాజువలె స్వచ్ఛముగా నుండుటచే నివి యెదుటివారికి గానరావు. లోహపు తీగెలు కట్టించుకొనుటకు సిగ్గుపడువారు వీనిని గోరుటకు గారణమదియే. కాని యా గుణమే వీని దోషమును. తీగెల సందున మెతుకు చిక్కినచో తల్లియో, ప్రక్కబల్లనున్న విద్యార్థియో చూచి చెప్పుదురు. తొడుగులోపల పాచి పట్టినయెడల నెవ్వరును జూడరు, ధరించినవానికిని దెలియదు.

ఒక్కొక్క తొడుగును ఒకటి రెండు వారములు మాత్రమే ధరించి, పిదప దాని తరువాతిదానిని ధరింతురు. అందుచేత "ఎట్లును పదునేను దినములలో పాఱవేయునది గదా, దీనికింత సేవ యేల?" అని పలువురు తలంతురు. మేమీ వ్యాసమునకు బూనుకొనుటకు ఈ తలంపే కారణము. పాఱవేయునది తొడుగు. దాని క్రింద రాత్రింబవళ్లు మూతపడియుండు పన్ను వృద్ధాప్యమువఱకు నమలవలసినది. తొడుగును మనము గడుగుట ఆ పంటికొఱకు.

తొడుగు చేయు పని యెట్టిదో మొదట దెలిసికొందము. పండ్లను వ్రేలితో నొత్తిన కదలవు గాని, స్వల్పమైన యొత్తిడి యెడతెగక తగులుచున్నచో దౌడయెముక యొకవైపున కరగుచు, రెండవవైపున క్రొత్తగా నేర్పడుచు పంటికి దారినిచ్చును. తొడుగును పంటి యిప్పటి స్థానమునకుగాక, రాబోవు స్థానమునకు దగినట్లు చేయుదురు. ఒక్క తొడుగు పంటిని జరుపునది సాధారణముగా మిల్లీమీటరులో నాలుగవవంతునకు మించదు. ఇట్లు వరుసగా ఇరువది ముప్పది తొడుగులు మార్చుచు పలువరుసను సరిచేయుదురు. ఈ యూహ పాతదే. 1945లో అమెరికాదేశపు దంతవైద్యుడు హెరాల్డు కెస్లింగు రబ్బరుతో నిట్టి సాధనమును జేసి, తీగెల చికిత్స ముగిసినపిదప మిగిలిన స్వల్ప దోషములను దిద్దుటకు వాడెను. ఒక్కొక్క జరుగుబాటునకు ఒక్కొక్క అచ్చు చేతితో చేయవలసివచ్చుటచే అది విరివిగా వ్యాపింపలేదు. 1997లో కాలిఫోర్నియాలో జియా చిష్తీ, కెల్సీ వర్త్ అను నిరువురు అలైన్ టెక్నాలజీ యను సంస్థను స్థాపించిరి. వారు దంతవైద్యులు కారు. కంప్యూటరుపై పండ్ల రూపమును జరుపుచు, ఒక్కొక్క మెట్టునకు అచ్చును యంత్రముచే దీయించుట వారి మార్గము. 1998లో అమెరికా ప్రభుత్వ సమ్మతి లభించెను. ఇప్పుడు మన దేశమునందును పలు సంస్థలు వీనిని చేయుచున్నవి.

వీనికి వాడు ప్లాస్టిక్కు తఱచుగా పాలీయురేథేను గాని, పి.ఇ.టి.జి. అను రకము గాని యగును. పలుచని రేకును వేడిచేసి మెత్తబఱచి, పండ్ల అచ్చుపై నదిమి యా యాకారమును దెత్తురు. ఈ యొక్క సంగతిని విద్యార్థులు మఱువరాదు. వేడిచే నాకారమును బొందిన వస్తువు మరల వేడిచే నాకారమును గోల్పోవును. ఇది ముందు మనకు బనికివచ్చును.

దినమునకు 20 మొదలు 22 గంటలవఱకు తొడుగు నోటనుండవలెనని వైద్యులు విధింతురు. అనగా భోజనము, ఉపాహారము, సాయంకాలపు తేనీరు, దంతధావనము, తొడుగు కడుగుట, ఇవి యన్నియు మిగిలిన రెండు మొదలు నాలుగు గంటలలోనే తీరవలెను. ఈ లెక్కను చూచినచో, కడుగుట కష్టమైనచో మొదట మానుకొనబడునది యదియే యని యెవరికైనను దోచును. కావున సులభమును, త్వరితమును నైన పద్ధతియే మంచి పద్ధతి.

ఇక పాచిని గూర్చి. మన భాషలో నుదయముననే నోరు కడుగనివానిని పాచిమొగమువాడందుము. ఆ పాచి మెతుకుల శేషము మాత్రమే కాదు. అది సజీవమైన పొర. 1683లో హాలండు దేశమునందు లీవెన్హుక్ అను బట్టలవర్తకుడు తాను స్వయముగా నూఱి చేసికొన్న భూతద్దముతో తన పంటి పాచిని బరీక్షించి, అందు చురుకుగా గదలు సూక్ష్మప్రాణులను గాంచి, లండను నగరమందలి రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. మానవుడు తన నోటిక్రిములను జూచుట కదియే యాది. ఆయన వానిపై ద్రాక్ష సిర్కాను బోసి చూచెను. విడిగా దిరుగుచున్న క్రిములు చచ్చినవి. కాని తన పండ్లను సిర్కాతో పుక్కిలించినపుడు మాత్రము పాచి పైభాగమందలివి మాత్రమే చచ్చి, లోపలివి బ్రతికియుండెను. సిర్కా పాచిపొరను జొచ్చుకొని పోలేదని యాయన వ్రాసినాడు. మూడు వందల నలువది యేండ్లు గడచినను ఈ పరిశీలన చెల్లుచునేయున్నది. నేటి శాస్త్రజ్ఞులు చెప్పునదేమనగా, ఈ క్రిములు తమచుట్టు జిగురువంటి పదార్థమును బుట్టించుకొని, దాని మఱుగున గుంపుగా నివసించును. ఔషధద్రవము పైనుండి పోసినంతమాత్రమున లోపలివానికి సోకదు. మొదట నా జిగురును రుద్ది తెగగొట్టవలెను.

దీనికి మన ప్రాంతమునకు జెందిన సంగతి నొకదానిని జేర్చుట యుక్తము. పటాన్‌చెరునందు మందుల కర్మాగారములు పలుతావుల గలవు. వానిలో సుమారు 90 కర్మాగారముల మురికినీటిని శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రమునుండి వెడలు నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో తమ ఫలితములను బ్రకటించిరి. ఆ నీటియందు సిప్రోఫ్లోక్సాసిను అను క్రిమినాశకౌషధము లీటరునకు 28 మొదలు 31 మిల్లీగ్రాములవఱకు గన్పడెను. ఔషధము నిత్యము సోకుచున్నచోట దానికి లొంగని క్రిములు ప్రబలునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఈ విషయమునుబట్టి లోకమంతయు పటాన్‌చెరు పేరు నెఱిగినది. మనము దీనినుండి గ్రహింపదగిన చిన్న సంగతి యేమనగా, క్రిములు ఔషధములకు లొంగకుండుట నేర్చుకొనునుగాని, బ్రష్షు రాపిడికి లొంగకుండుట నేర్చుకొనలేవు. చలువనీటితో చేయు రాపిడికి సాటివచ్చు మందు లేదు.

తొడుగువలన పంటికి గలుగు ప్రత్యేకమైన యపాయమేమని కొందఱు ప్రశ్నింతురు. దీనికి సమాధానము లాలాజలమునందున్నది. మనము తీపిని గాని, పిండిపదార్థమును గాని తినినప్పుడు పాచియందలి క్రిములు దానిని దిని యామ్లమును విడుచును. ఆమ్లత్వమును గొలుచు కొలతలో 7 నడిమిది. అంతకు దిగువయైనది యామ్లము. 1940లో అమెరికాదేశమున రాబర్టు స్టీఫను అనునతడు, చక్కెరనీటితో పుక్కిలించిన కొన్ని నిమిషములలోనే పాచియందలి కొలత వేగముగా దిగిపోవుటను, పిదప మెల్లగా, సుమారొక గంటలోపల, మరల పైకి వచ్చుటను గొలిచి చూపెను. కొలత రమారమి 5.5కు దిగువకు బోయినచో పంటిపై పింగాణి కరగ నారంభించును. దానిని మరల పైకి దెచ్చునది లాలాజలము. అది యామ్లమును గడిగివేసి, కరిగిన సున్నపు పదార్థమును మరల కొంతవఱకు పూరించును. తొడుగు వేసికొన్నవాని పంటిచుట్టు లాలాజలము స్వేచ్ఛగా బాఱదు. తీపి పదార్థము తొడుగునకును పంటికిని నడుమ జిక్కినచో కడిగివేయువారెవ్వరును లేరు. గంటలో తీరవలసిన యామ్లము గంటలకొలది నిలుచును. దాని తొలిగుర్తు సుద్దవంటి తెల్లమచ్చ, తుది పిప్పిపన్ను. కొన్ని పండ్లపై తొడుగు పట్టుకొనుటకై వైద్యులు పంటిరంగుగల చిన్న గుబ్బల నంటింతురు. ఆ గుబ్బలయంచులందు పాచి మఱింత సులభముగా నిలుచును.

కావున ప్రథమ నియమము తొడుగునకు సంబంధించినదిగాక, పంటికి సంబంధించినదే. తినునప్పుడు తొడుగు తీయవలెను. మామూలు నీరుతప్ప మఱేది త్రాగినను తీయవలెను. చాయ తొడుగుతో ద్రాగిన చక్కెర లోపల జిక్కును, రంగు పైన బట్టును, వేడికి రూపము సడలును. ఒక్క గ్రుక్కతో మూడు కీడులు. మన జిల్లాయందు జహీరాబాదు ప్రాంతము చెరకునకు బేరుపడినది. చెరకు గడ నమలుట పండ్లకు సహజమైన పనియే యైనను, నమలిన వెంటనే తొడుగు తగిలించుకొనుట పంచదార పాకమును మూతబెట్టి దాచుటతో సమానము. తినినపిదప పండ్లను తోముకొని, పిమ్మట తొడుగు వేసికొనవలెను. తోముటకు వీలుగాని చోట నీటితో నాలుగుమాఱులు గట్టిగా పుక్కిలించి వేసికొనుట మధ్యమమార్గము. ఇల్లు చేరగానే తోముట తప్పదు. వేపపుల్లతో తోముకొను పెద్దలు మన పల్లెలలో నింకను గలరు. వారి పండ్లను మేమాక్షేపింపము గాని, తొడుగు లోపలి గుంటలలోనికి వేపపుల్ల చేరదు. దానికి బ్రష్షే శరణ్యము.

ఇక తొడుగును గడుగు విధము. నోటినుండి దీసిన తక్షణమే చల్లని నీటిధారక్రింద లోపలను వెలుపలను గడుగవలెను. ఎండినపిదప పాచి రాయివలె నంటుకొనును. తడిగానుండగా వ్రేలితోడనే చాలవఱకు పోవును. దినమునకు రెండు పూటలైనను, మెత్తని కుచ్చుగల బ్రష్షుతో, పండ్లు తోముకొను బ్రష్షుగాక వేఱొకదానితో, లోపలి గుంటలను మెల్లగా రుద్దవలెను. రంగును వాసనయులేని సబ్బునీటి చుక్క యొకటి వేసికొనవచ్చును. పిదప సబ్బు రుచి పోవువఱకు గడిగివేయవలెను. దీనికి బట్టు కాలము ఒకటి రెండు నిమిషములు, వ్యయము లేదన్నమాటయే.

పండ్లపేస్టుతో రుద్దిన మఱింత తెల్లబడునని తోచుట సహజము. ఇది పొరపాటు. పేస్టునందు పంటిని మెఱుగుపెట్టుటకై సిలికా, సుద్ద మొదలగు గఱుకు పదార్థములు కలుపుదురు. పంటి పింగాణి మిక్కిలి గట్టిది గనుక దాని నోర్చును. ప్లాస్టిక్కు మెత్తనిది గనుక గీతలు పడును. ఆ గీతలలో క్రిములు చేరుటయేగాక తొడుగు పొగచూరిన గాజువలె మసకబాఱును. పేస్టే యిట్లైనప్పుడు పండ్లపొడి, బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడుల మాట చెప్పనేల?

వేడినీటిని గూర్చి ప్రత్యేకముగా జెప్పవలసియున్నది. పసిపిల్లల పాలసీసాలను మరగనీటిలో వేయుట మన గృహిణులు చిరకాలమునుండి చేయుచున్న మంచిపని. దానినిబట్టి తొడుగునుగూడ మరగనీటిలో వేసినచో క్రిములు చచ్చునని తలంచుట న్యాయమే. క్రిములు చచ్చునుగాని తొడుగును జచ్చును. పి.ఇ.టి.జి. రకపు ప్లాస్టిక్కు సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడువద్ద మెత్తబడును. మరగనీరు 100 డిగ్రీలు. వంకరబోయిన తొడుగు కంటికి సరిగానే కనబడవచ్చును, నోటనుగూడ నమరవచ్చును. కాని మిల్లీమీటరులో నాలుగవవంతు లెక్కతో పనిచేయు సాధనము వెండ్రుకవాసి తప్పినను పంటిని దప్పుదిక్కునకు ద్రోయును. వైశాఖ జ్యేష్ఠమాసములలో మన ప్రాంతపు టెండలయందు తలుపులు మూసి నిలిపిన మోటారుకారులో తొడుగు డబ్బీని విడుచుటయు నిట్టి కీడునే తెచ్చును. వేడినీటి పంపుక్రింద గడుగుటయు వలదు. తగుళ్లకు చల్లని నీరో, గోరువెచ్చనికంటె మించని నీరో చాలును.

నీటిమాట వచ్చినది గనుక మన యూళ్ల నీటిని గూర్చియు రెండు మాటలు. మన ప్రాంతమునందు పెక్కు బోరుబావుల నీరు కఠినజలము. అన్నపుగిన్నెల యడుగునను, స్నానపు బకెట్ల యంచునను తెల్లని సున్నపుపొర కట్టుట ఇల్లాండ్రెఱుగుదురు. త్రాగునీటియందు కఠినత్వము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచోట 600వఱకు నోర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము 2012లో నిర్ణయించినది. అట్టి నీటితో గడిగి, తుడువక యారబెట్టిన తొడుగుపై తెల్లని చుక్కలు పడును. అది పాచి గాదు, సున్నము. లాలాజలమునందలి సున్నపు పదార్థముచే పాచియే గట్టిపడి గారయగుటయు గలదు. రెండింటికిని మందు పలుచని యామ్లము. తెల్ల సిర్కా నొకపాలు, చల్లని నీరు మూడుపాళ్లు కలిపి, పావుగంటసేపు అందుంచి, పిదప బ్రష్షుతో రుద్ది బాగుగా గడిగిన చాలవఱకు పోవును. దీనిని వారమున కొకమాఱుకంటె నెక్కువ చేయనక్కఱలేదు. తొలిసారి చేయుటకు ముందు వైద్యు నడుగుట మంచిది.

పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల వాగులును బావులును కర్మాగారపు మురికిచే జెడినవన్న వ్యాజ్యము 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమునకు బోయిన సంగతి పెద్దలెఱుగుదురు. త్రాగుటకు దగని నీరు తొడుగు కడుగుటకును దగదు. ఏలయన, కడిగినది మరల నోటికే పోవును. కుళాయికి వచ్చు మంచినీరు గాని, ఇంటికి దెచ్చుకొను త్రాగునీరు గాని ఒక గ్లాసెడు వ్యయపఱచిన చాలును. నీటి నాదా చేయదలచువారు గ్లాసునీటిలో ముంచి రుద్ది, మఱియొక యరగ్లాసుతో తొలిచివేయవచ్చును.

నీట గలిపిన బుసబుస పొంగు మాత్రలు మందుల యంగళ్లలో నమ్ముదురు. కట్టుడుపండ్ల కొఱకు బుట్టినవి యివి. వీనియందు వంటసోడా, నిమ్మయుప్పు, ప్రాణవాయువును విడుచు లవణములు నుండును. ఇవి రంగును, వాసనను బోగొట్టుటకు సహాయపడును. ఇటలీదేశపు వైద్యులు 2015లో తొడుగులను మూడు విధముల గడిగించి సూక్ష్మదర్శినిచే బరీక్షించిరి. కేవలము నీటధారక్రింద గడిగినవానిపై పాచి యధికముగాను, బ్రష్షుతో రుద్దినవానిపై తక్కువగాను, మాత్రలనీట నానవేసి పిదప బ్రష్షుతో రుద్దినవానిపై మఱింత తక్కువగాను గన్పడెను. ఈ ఫలితమును జూచి మాత్రలు కొనలేనివారు చింతింపబనిలేదు. రుద్దుటవలననే మేలులో పెద్దభాగము వచ్చుచున్నది. మాత్రలు మాత్రమే వాడి రుద్దుట మానినవారు ధనమును వ్యయపఱచి పాచిని నిలుపుకొనుచున్నారు. మఱియొక హెచ్చరిక కలదు. ఇట్టి మాత్రలు కొన్నిటియందలి పెర్‌సల్ఫేటు లవణములు కొందఱి శరీరమునకు బడక దద్దురులు, ఊపిరి యాడకపోవుట మొదలగు బాధలు గలిగించుటను జూచి, 2008లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ తయారీదారులను హెచ్చరించినది. తొడుగు నోటనుండగా మాత్రనీరు పుక్కిలించుట యెన్నటికిని గూడదు. పసిపిల్లలకందకుండ మాత్రలను భద్రపఱచవలెను.

బట్టలు తెల్లపఱచు బ్లీచింగు ద్రవము, స్పిరిటు, చేతులకు రాచుకొను సానిటైజరు, రంగుగల పుక్కిలిమందులు, వీనిలో నేదియు తొడుగునకు దగదు. బ్లీచింగును సిర్కాను గలిపినచో ప్రాణాంతకమైన క్లోరిను వాయువు పుట్టునని రసాయనశాస్త్రము చదువు పైతరగతివారు చిన్నవారికి బోధింతురుగాక.

పసుపుమచ్చను గూర్చి యడుగనివారు లేరు. పప్పు, పులుసు, కూర, ఊరగాయ, వేనియందు పసుపు లేదు? పసుపునందలి రంగు నీట గరగదు, నూనెలో గరగును. ప్లాస్టిక్కును బట్టుకొనినచో విడువదు. భోజనమునకు దీసినను, పండ్లు తోముకొనక తిరిగి తొడిగినచో పండ్లపైనున్న పసుపుజిడ్డు తొడుగునకంటును. ఒకసారి పట్టిన పచ్చదనమును గీకి వదలించుట వ్యర్థప్రయత్నము. మచ్చవలన పంటికి హాని లేదు. మఱునాటి తొడుగు మరల తెల్లగానే వచ్చును. అందముకొఱకై గీకి గీతలుపెట్టుటకంటె పచ్చదనముతోడనే పక్షము గడపుట మేలని మా యభిప్రాయము.

కర్మాగారములలో పనిచేయు యువకులకు వేఱుగా జెప్పవలసినది కొంత కలదు. మందుల కర్మాగారములలో అసిటోను మొదలగు ద్రావకములు వాడుదురు. అట్టి ద్రావకములు ప్లాస్టిక్కును మసకబఱచును, కరగించును. చేతులకంటిన పొడులును ద్రవములును తొడుగుద్వారా నోటికి బోవుట యంతకంటె ప్రమాదము. పనిచోట తొడుగును ముట్టనే రాదు. భోజనశాలకు వచ్చి, సబ్బుతో చేతులు మోచేతివఱకు గడుగుకొని, పిదపనే తీయవలెను. రాత్రి పాళీలో నిద్ర నాపుకొనుటకై గంటగంటకు చాయ త్రాగువారికి తొడుగు చికిత్స కుదురుట కష్టము. ప్రతిమాఱు తీసిన నియమిత కాలము తఱుగును. తీయకున్న పన్ను చెడును. చాయను ఒకటి రెండు వేళలకు బరిమితము చేసికొని, నడుమ నీరు త్రాగుటయే యుపాయము. గుట్కా, జర్దా నమలువారి విషయమున తొడుగు శుభ్రత చర్చింపదగినదే కాదు. వారు మొదట మానవలసినది వేఱొకటి కలదు.

పాఠశాలలో విద్యార్థి పడు కష్టము మఱియొక విధము. మధ్యాహ్న భోజనవేళ పదిమందిలో నోట వ్రేళ్లుపెట్టి తొడుగు తీయుటకు బాలికలు ముఖ్యముగా సిగ్గుపడుదురు. సిగ్గుచే కొందఱు తొడుగుతోడనే తిందురు. కొందఱు మధ్యాహ్నము తినుటయే మానుదురు. కొందఱు తీసి కాగితములో జుట్టి బల్లపై నుంచుదురు. కాగితములో జుట్టినది యెంగిలికాగితములతోపాటు చెత్తబుట్టకు బోవుట లోకమందంతటను జరుగుచున్నదే. లాలాజలపు వాసనకు కుక్కలును వీనిని గొఱుకుకొని పోవును. ఉపాధ్యాయులను మేము గోరునదేమనగా, భోజనానంతరము గంట కొట్టుటకు ముందు కుళాయివద్ద ఐదు నిమిషములు నిలుచుటకు ఇట్టి విద్యార్థులకు ననుజ్ఞ యీయుడు. వారినిజూచి నవ్వు తోడివిద్యార్థులను మందలింపుడు. తల్లిదండ్రులారా, బిడ్డ సంచిలో భోజనపు డబ్బీతోపాటు తొడుగు డబ్బీని, చిన్న బ్రష్షును, ఒక నీటిసీసాను బెట్టి పంపుడు. వేలకొలది రూప్యములు చికిత్సకు వెచ్చించినవారు ఒక చిన్న బ్రష్షును మఱచుట మేము పలుమాఱులు విన్నాము. మాటిమాటికి "కడిగితివా?" యని గద్దించుటకంటె, రాత్రివేళ బిడ్డ ప్రక్కనే నిలిచి తామును పండ్లు తోముకొను తల్లిదండ్రుల యింట నీ యలవాటు త్వరగా నిలుచును.

తొడుగు డబ్బీని గూర్చి పలువురు మఱతురు. శుభ్రముగా గడిగిన తొడుగును మురికి డబ్బీలో నుంచిన శ్రమ వ్యర్థము. డబ్బీనిగూడ దినమున కొకమాఱు సబ్బునీటితో గడిగి, మూత తీసి, గాలికి నారబెట్టవలెను. తడితొడుగును గాలియాడని డబ్బీలో మూసియుంచిన బూజును, దుర్గంధమును బుట్టును. సన్నని రంధ్రములుగల డబ్బీ శ్రేష్ఠము.

శుభ్రము చేసినను తొడుగు దుర్వాసన వదలకున్నను, పండ్లపై సుద్దమచ్చలు గన్పడినను, చిగుళ్లు వాచి నెత్తురు వచ్చుచున్నను ఇంటివైద్యము మాని చికిత్స చేయు వైద్యునికి జూపవలెను. సంగారెడ్డియందు ఎం.ఎన్.ఆర్. దంతవైద్య కళాశాల కలదు. హైదరాబాదున అఫ్జల్‌గంజునందు 1959లో వెలసిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. చికిత్స వేఱొకచోట జరుగుచున్నను పండ్లు శుభ్రపఱపించుకొనుటకును, చిగుళ్లు చూపించుకొనుటకును ఇట్టిచోట్లకు బోవచ్చును. తొడుగులను టపాలో దెప్పించుకొని వైద్యునిముఖము జూడకయే ధరించువారును గలరని వినుచున్నాము. పంటిపై మచ్చ పడినదో లేదో అద్దములో దనకు దాను జూచుకొనుట, ముఖ్యముగా వెనుకపండ్లవిషయమున, యెవరికిని సాధ్యము కాదు గనుక ఈ పద్ధతిని మేము మెచ్చలేము.

కడపటి సంగతి. క్రొత్త తొడుగు వేసికొన్ననాడు పాతదానిని వెంటనే పాఱవేయరాదు. దానిని గడిగి, ఆరబెట్టి, పేరును దేదియు వ్రాసిన వేఱొక డబ్బీలో నుంచవలెను. క్రొత్తది పోయినను విఱిగినను, వైద్యునికి వెంటనే తెలిపినచో, పండ్లు వెనుకకు జరుగకుండ పాతదానినే కొన్నిదినములు ధరింపుమని గాని, తరువాతిదానికి బొమ్మని గాని యాతడు చెప్పును. అట్లు ధరింపవలసివచ్చినపుడు పాతతొడుగును మొదట చల్లని సబ్బునీటితో రుద్ది కడిగి, పిదపనే నోట బెట్టుకొనవలెను.